కాస్త వెనక్కి జరగండి

1978 నవంబరు 19. ఢిల్లీలో తల్కటోరా స్టేడియం. మీరు జనం మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. దేశం నలుమూలల నుంచీ వచ్చిన కార్మిక సంఘాల ప్రతినిధులు, వేల మంది. ఉపన్యాసాల మీద ఉపన్యాసాలు. జనతా ప్రభుత్వం తెచ్చిన పారిశ్రామిక సంబంధాల బిల్లు మీద ఒకరి తర్వాత ఒకరు నిప్పులు చెరుగుతున్నారు. చెప్పేది న్యాయమే, కాని చెవులకూ ఓపిక అనేది ఒకటుంటుంది కదా. మీ పక్కనున్న పెద్దాయన చెవి మీద బీడీ పెట్టుకుని కునికిపాట్లు పడుతున్నాడు. వేళ్ల గీతల్లో నల్లటి గ్రీజు, ఎన్ని సబ్బులు అరగదీసినా పోనిది. ఏదో ఫ్యాక్టరీ మనిషి.

ఇంతలో నడిమధ్య కాస్త చోటు ఖాళీ చేయించి కొందరు కుర్రాళ్లు వచ్చారు. తెర లేదు, లైట్లు లేవు, మొహాలకు రంగు లేదు. ఇదేం నాటకం అని మీరు అనుకునేలోపే ఒకడు మోచెయ్యి మడిచి పైకీ కిందికీ ఆడించడం మొదలుపెట్టాడు. రెండోవాడు వాడి పక్కన చేరి నడుం వంచుతూ లేస్తూ ఉన్నాడు. ఇంకొకడి చెయ్యి చక్రంలా తిరుగుతోంది. నోళ్లతోనే చప్పుళ్లు: ఛక్, ఛక్, సుయ్‌య్. ఒక్కొక్కరే వచ్చి అతుక్కున్నారు. చూస్తుండగానే మీ కళ్ల ముందు ఒక యంత్రం నడుస్తోంది. ఇనుము లేదు, నూనె లేదు, అంతా ఒళ్లే.

పెద్దాయనకు మెలకువ వచ్చేసింది. ముందుకు వంగాడు. జీవితమంతా యంత్రం పక్కన నిలబడ్డవాడికి ఆ లయ చెవితో కాదు, వెన్నుతో తెలుస్తుంది.

ఉన్నట్టుండి యంత్రం ఆగింది.

సూత్రధారుడు కంగారు పడ్డాడు. ఎందుకాగింది? ఎప్పుడూ ఆగనిది కదా! అప్పుడు ఆ యంత్రంలోంచే ఒక్కొక్క ముక్కా ఊడి మనిషై మాట్లాడటం మొదలుపెట్టింది. ఒక ముక్క కార్మికుడు. ఇంకో ముక్క యజమాని. మరో ముక్క గేటు దగ్గర తుపాకీ పట్టుకునే కాపలావాడు. ముగ్గురూ ఆ యంత్రంలో భాగాలేనని ఎవరూ మైకు పట్టుకుని చెప్పలేదు. మీరే చూశారు.

కార్మికుడు ఏమడుగుతున్నాడు? సైకిళ్లు పెట్టుకోవడానికి ఒక స్టాండు. టీ తాగడానికి, ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టెలు వేడి చేసుకోవడానికి ఒక క్యాంటీను. అంతే. ఇంకేమీ లేదు. ఇంత చిన్న కోరికకా యంత్రం ఆగింది అని మీకు నవ్వొచ్చేలోపు తుపాకీ పేలింది. కార్మికులు నేల మీద పడిపోయారు. స్టేడియంలో దగ్గు కూడా వినబడలేదు. ఆ తర్వాత పడినవాళ్లు మళ్లీ లేచి యజమానిని చుట్టుముట్టారు.

మొత్తం పదమూడు నిమిషాలు.

అయిపోయిందని మీకు అర్థమయ్యేసరికి జనం రెయిలింగులు దూకేస్తున్నారు. పెద్దాయన చెవి మీది బీడీ ఎక్కడో పడిపోయింది, చూసుకోలేదు. కుర్రాళ్లను భుజాల మీదికి ఎత్తేసుకున్నారు. పొద్దున్న వీళ్లెవరో ఎవరికీ తెలియదు.

ఆ నాటకం పేరు ‘మషీన్’. రాసింది ఇద్దరు: రాకేశ్ సక్సేనా, సఫ్దర్ హష్మీ. సఫ్దర్‌కి అప్పుడు ఇరవై నాలుగేళ్లు.

మర్నాడు బోట్‌క్లబ్ మైదానంలో మళ్లీ ఆడారు. ఇప్పుడు మీ చుట్టూ ఉన్నది లక్షా అరవై వేల మంది కార్మికులు. అందులో ఎవరో తెలివైనవాడు టేప్‌రికార్డర్ తెచ్చుకున్నాడు, నాటకమంతా ఎక్కించుకుని పోయాడు. నెల తిరక్కముందే వేరే ఊళ్లలో, వేరే భాషల్లో, అక్కడక్కడ ఓ మాట మార్చుకుని ఆ నాటకం ఆడుతున్నారని రాసినవాళ్లకే కబురొచ్చింది. దొంగతనం అనాలి మామూలుగా అయితే. వీళ్లు మాత్రం పండగ చేసుకున్నారు.

ఆ సైకిల్ స్టాండు సంగతి కల్పన కాదు. ఢిల్లీని ఆనుకుని ఉన్న గాజియాబాద్‌లో హెరిగ్ ఇండియా అనే రసాయనాల ఫ్యాక్టరీ ఉండేది. అక్కడి కార్మికులు అడిగింది సరిగ్గా ఇదే. గేటు దగ్గర కాపలావాళ్లు కాల్పులు జరిపితే ఆరుగురు పోయారు. ఈ సంగతి ఒక పాతతరం కమ్యూనిస్టు నాయకుడి నోట విన్నారు కుర్రాళ్లు. నాకైతే ఇక్కడే రచయిత కనిపిస్తాడు. అదే వయసులో, అదే ఆవేశంలో ఉన్న ఇంకొకరైతే కలం పట్టుకోగానే విప్లవం అని మొదలుపెట్టేవారు. వీళ్లు సైకిల్ స్టాండు దగ్గర ఆగారు. అడిగింది ఎంత చిన్నదైతే, కాదన్నవాడి అసలు రూపం అంత పెద్దగా కనబడుతుందని ఎలా పట్టుకున్నారో!

అసలు చిన్న నాటకాలు రాయాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, జేబులో డబ్బుల్లేక. ఇది మన నాటక సమాజాల వాళ్లెవరికైనా వెంటనే అర్థమయ్యే విషయం. 1973లో సఫ్దర్, అతని స్నేహితులు జన నాట్య మంచ్ పెట్టారు. పాత నాటక సంఘం ఇప్టా ఢిల్లీ శాఖలో మిగిలిన నిప్పురవ్వలతో అనుకోండి. ఎన్నో నాటకాల్ని ఊరూరా పెద్ద వేదికల మీద ఆడేవారు. తర్వాత ఎమర్జెన్సీ వచ్చింది. అది పోయేసరికి కార్మిక సంఘాల దగ్గరా, కర్షక సంఘాల దగ్గరా చిల్లిగవ్వ లేదు. పెద్ద నాటకం పిలిపించుకోవాలంటే వేదిక కట్టాలి, లైట్లు తేవాలి, ఇంతమందికి భోజనాలు పెట్టాలి. పెద్ద నాటకం మోసుకెళ్లలేనప్పుడు చిన్నది మోసుకెళ్దాం అనుకున్నారు. అక్కడి నుంచి పుట్టింది ‘మషీన్’.

జన నాట్య మంచ్ అనే పేరును పొట్టిగా ‘జనం’ అంటారు. హిందీలో జనం అంటే పుట్టుక. మన చెవికి మాత్రం వేరే వినబడుతుంది. మొదటిసారి ఆ పేరు విన్నప్పుడు ఇది ఎవరో తెలుగువాళ్లు పెట్టిన పేరనుకున్నాను. 1943లో మన దగ్గర ప్రజానాట్యమండలి పుట్టి, ‘మా భూమి’ని పల్లెపల్లెకూ మోసుకెళ్లిన సంగతి తెలిసినవాళ్లకు ఢిల్లీ కుర్రాళ్లు కొత్తగా అనిపించరు. మనకు వీధి నాటకం అన్న మాట కూడా కొత్తది కాదు, వీధి భాగవతాలు చూసి పెరిగిన తాతలున్న ఊళ్లు మనవి. తేడా ఒక్కటే. భాగవతానికి రాత్రంతా ఉంది. వీళ్లకు కార్మికుడి మధ్యాహ్న భోజన విరామం మాత్రమే ఉంది.

ఇక సఫ్దర్ గురించి రెండు ముక్కలు. పుట్టింది ఢిల్లీలో, 1954 ఏప్రిల్ 12న. చిన్నతనం అలీగఢ్‌లోనూ ఢిల్లీలోనూ. తల్లి ఖమర్ ఆజాద్ పంతులమ్మ. ఇంట్లో పుస్తకాలకు, వాదాలకు కొదవ లేదు. సెయింట్ స్టీఫెన్స్ కాలేజీలో ఇంగ్లిషు సాహిత్యం, ఎం.ఏ. కొన్నాళ్లు గఢ్వాల్‌లో, కశ్మీర్‌లో, ఢిల్లీలో ఇంగ్లిషు పాఠాలు చెప్పాడు. తర్వాత పత్రికా ఉద్యోగం. ఆ తర్వాత ఢిల్లీలో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ సమాచార అధికారి. నెల తిరిగేసరికి జీతం వచ్చే కొలువు. 1984లో దానికి రాజీనామా ఇచ్చి నాటకాలకూ పార్టీ పనికీ పూర్తిగా అంకితమయ్యాడు. సీపీఎం సభ్యుణ్ణని దాచుకోలేదు, దాచుకోవాలనీ అనుకోలేదు.

ఉద్యోగాల జాబితా ఇంతటితో చాలు. రండి, బస్టాపుకు పోదాం.

1979 ఫిబ్రవరి. ఢిల్లీ రవాణా సంస్థ బస్సు ఛార్జీలు పెంచింది. మీరు స్టాపులో నిలబడి చిల్లర లెక్కపెట్టుకుంటున్నారు. నిన్నటి దాకా సరిపోయిన చిల్లర ఇవాళ చాలదు. ముందూ వెనకా ఉన్నవాళ్లంతా అదే లెక్కలో ఉన్నారు. అంతలో ఎవరో బిగ్గరగా పాట ఎత్తుకున్నారు. తలలు తిరిగాయి. కుర్రాళ్లు కొందరు చేతులు చాచి, “కాస్త వెనక్కి జరగండి, ఇంకాస్త, ఇంకాస్త” అంటూ జనాన్ని నెమ్మదిగా నెడుతున్నారు. మీరు ఒకడుగు వెనక్కి వేశారు. మీ పక్కావిడ సంచీ చంకలో పెట్టుకుని ఇంకో అడుగు వేసింది. అందరూ తలో అడుగు వేసేసరికి మధ్యలో ఒక గిరి ఏర్పడింది. అదే రంగస్థలం. మీ అడుగుతో కట్టింది.

ఈ నాటకం పేరు ‘డీటీసీ కీ ధాంధ్లీ’, అంటే డీటీసీ దగా అనుకోండి. ఛార్జీలు పెరిగాయన్న వార్త వచ్చిన కొద్ది గంటల్లో కూర్చుని రాశారు, వెంటనే వీధిలోకి తెచ్చేశారు. పత్రికల సంపాదకీయం కన్నా ముందు నాటకం వచ్చింది. ఇలాంటివాటికి సాహిత్య విలువ ఉంటుందా అని పెదవి విరిచేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నేను అడిగేది వేరే. బస్సు కోసం నిలబడ్డవాడు బస్సు వచ్చినా ఎక్కకుండా నాటకం చూస్తున్నాడంటే అది ఏ విలువ?

ఎలా ఆడుతున్నారో దగ్గరగా చూడండి. చుట్టూరా జనమే, కాబట్టి నటుడు ఎటు తిరిగినా ఎవరికో ఒకరికి వీపు చూపించాల్సిందే. అందుకే ఒక్కచోట నిలబడడు. మాట ఒకవైపు మొదలుపెట్టి, నడుస్తూ నడుస్తూ ఇంకోవైపు పూర్తి చేస్తాడు. చివరి మాట మీ ఎదురుగా పడుతుంది. మైకు లేదు. వెనకాల లారీ హారన్ కొడితే ఒక క్షణం ఆగి, హారన్ పోయాక అదే మాట అందుకుంటాడు, అది కూడా నాటకంలో భాగమే అన్నట్టు. ముందు వరుసలో పిల్లలు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు, ఒకడు నటుడి చెప్పు పట్టుకుని లాగి చూస్తున్నాడు. అంత దగ్గర. కన్నీళ్లు గ్లిజరిన్‌వో కాదో తెలిసిపోయే దూరం. అబద్ధం ఆడితే దొరికిపోతారు.

అయిపోయాక ఒక దుప్పటి పరిచారు, లేదా అంచులు పట్టుకుని జనం మధ్య తిప్పారు. దాంట్లోకి పది పైసలు, పావలాలు, ఎక్కడో ఒక రూపాయి నోటు. టిక్కెట్టు ముందు కొనేది కాదు ఇక్కడ, నచ్చితే తర్వాత వేసేది. మీ చిల్లర అప్పటికే తక్కువ. అయినా ఒక పది పైసలు వేశారు. సరే, ఇంకో స్టాపు దాకా నడుచుకుంటూ పోతే పోయె.

ఆ ఏడు మార్చిలో ఉత్తర భారత శ్రామిక మహిళల సదస్సు జరిగింది. అక్కడా ఒక గిరి. ఇప్పుడు గిరిలో ఒకే ఒక స్త్రీ, ఆమె చుట్టూ ఆరుగురు మగవాళ్లు. ఆ స్త్రీ మలయశ్రీ. ఆ ఏడాదే సఫ్దర్‌తో ఆమె పెళ్లి. నాటకం పేరు ‘ఔరత్’, రాసింది మళ్లీ సఫ్దర్, రాకేశ్‌లే. మలయశ్రీ ఒక్క చీరతోనో దుపట్టాతోనో వేషం మార్చే శ్రమ కూడా పెట్టుకోలేదు. నడక మార్చింది, అంతే. బడికి పోతానంటే తండ్రి కసురుకునే చిన్నపిల్ల అయింది. కాలేజీ పిల్ల అయింది, దారి కాచే పోకిరీలను దాటుకుంటూ నడిచింది. కోడలైంది. ఫ్యాక్టరీలోంచి గెంటేసిన కూలిమనిషి అయింది. ఆరుగురు మగవాళ్లే తండ్రి, మొగుడు, పోకిరీ, యజమాని అన్నీనూ. ఒకే మొహం ఇందాక తండ్రిదీ ఇప్పుడు యజమానిదీ అయినప్పుడు మీ వెనకున్న ఆవిడ గట్టిగా “అంతే కదా” అంది. ఎవరితో అందో మరి.

‘ఔరత్’ ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆడుతూనే ఉన్నారు. ఏ ఊళ్లో ఆడినా, చూసిన ఆడవాళ్లలో ఎవరో ఒకరు ‘అది నా కథే’ అనుకోకుండా ఇంటికి పోయి ఉండరు.

పదేళ్లు ఇలాగే. ధరల మీద, నిరుద్యోగం మీద, మతకలహాల మీద. 1986లో వేసిన ‘అపహరణ్ భాయిచారే కా’లో మదారీ, జమూరా వస్తారు. మన గారడీవాడూ, గుడ్డ కింద పడుకుని అడిగినవన్నీ చెప్పే వాడి కుర్రాడూ అన్నమాట. దేశంలో సోదరభావాన్ని ఎవరో ఎత్తుకుపోయారు, వెతికిపెట్టరా అబ్బీ అంటాడు మదారీ. బజారులో జనాన్ని ఆపడానికి గారడీవాడిని మించిన గురువు ఎవడుంటాడు? సఫ్దర్ సిగ్గుపడకుండా వాడి దగ్గరే నేర్చుకున్నాడు. మధ్యలో పిల్లల కోసం పాటలు రాశాడు, టీవీ కోసం రాశాడు, పోస్టర్లు గీశాడు, వీధి నాటకం గురించి వ్యాసాలు రాశాడు. వేదిక నాటకానికీ వీధి నాటకానికీ శత్రుత్వం అంటగట్టేవాళ్ల మీద అతనికి చికాకు. 1988లో హబీబ్ తన్వీర్‌తో కలిసి, ప్రేమ్‌చంద్ కథ ఆధారంగా ‘మోటేరామ్ కా సత్యాగ్రహ్’ తయారు చేశాడు. అది శుభ్రంగా వేదిక మీద ఆడే నాటకమే. అప్పటికి ‘జనం’ పదేళ్లలో ఇరవైకి పైగా వీధి నాటకాలు, దాదాపు 4000 ప్రదర్శనలు పూర్తి చేసింది. లెక్క వేసుకోండి: సగటున రోజుకొకటి కన్నా ఎక్కువే.

1988 నవంబరు 22 నుంచి వారం రోజులు ఢిల్లీ పారిశ్రామిక వాడల్లో సమ్మె. 562 రూపాయలున్న కనీస వేతనం నెలకు 1050 చేయాలన్నది ముఖ్యమైన కోరిక. దానికోసం ‘జనం’ రాసుకున్న నాటకం ‘చక్కా జామ్’. సమ్మె ముగిశాక దాన్నే తిరగరాసి ‘హల్లా బోల్’ అన్నారు.

1989 జనవరి 1. ఆదివారం. ఝండాపూర్.

గాజియాబాద్ జిల్లా, సాహిబాబాద్ పారిశ్రామిక వాడ పక్కనుండే కార్మికుల బస్తీ. సైకిల్ స్టాండు అడిగినందుకు ఆరుగురు పోయిన జిల్లాయే. పదకొండు కావస్తోంది. చలి. ఎండ పొడ ఉన్న గోడవారకు జనం ఒక్కొక్కరే చేరుతున్నారు. సెలవు రోజు కాబట్టి మగవాళ్లు తీరిగ్గా ఉన్నారు. పిల్లలు ముందే వచ్చి కూర్చున్నారు, ఎప్పుడూ వాళ్లే ముందు. మీరు రెండో వరుసలో నిలబడ్డారు. ఊళ్లో మునిసిపల్ ఎన్నికలు నడుస్తున్నాయి. సీపీఎం నిలబెట్టిన అభ్యర్థి రామానంద్ ఝా, ఆయనకు మద్దతుగా ఈ నాటకం. కళ అన్నది ఎన్నికల ప్రచారానికి దిగొచ్చా అని మీకు అనుమానం ఉంటే ఉండొచ్చు. సఫ్దర్‌కి లేదు.

“కాస్త వెనక్కి జరగండి.” మీరు జరిగారు. గిరి తయారైంది. నాటకం మొదలైంది. నటులు ప్రేమకథ ఆడబోతారు, పోలీసు వేషం వేసినవాడు వచ్చి అడ్డుపడతాడు. పిల్లలు నవ్వులే నవ్వులు. ప్రేమకథ కూడా చివరికి జీతం దగ్గరకు వచ్చి ఆగుతుంది, 562 రూపాయలతో పెళ్లి చేసుకుని ఎక్కడ కాపురం పెడతారు?

అవతల డప్పులు, నినాదాలు. ఇంకో అభ్యర్థి ఊరేగింపు ఇటే వస్తోంది. దారి కావాలన్నారు. సఫ్దర్ ఎదురెళ్లాడు. పొడుగాటి మనిషి, గొంతు ఎత్తడం లేదు. నాటకం కాసేపట్లో అయిపోతుంది, కొంచెం ఆగండి, లేదా పక్క దారిన వెళ్లండి అంటున్నాడు. పదేళ్లుగా ప్రతి గిరిలోనూ అతను అడిగింది ఇదే మాట. కాస్త చోటివ్వండి. ఇన్నేళ్లూ జనం ఇచ్చారు.

వీళ్లు ఇవ్వలేదు. కర్రలు, ఇనుపరాడ్లు, తుపాకులతో మీద పడ్డారు.

ఇక్కడ నేను మిమ్మల్ని ఆ గోడ వారనే నిలబెట్టేస్తాను. పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తే తల్లులు, కార్మిక సంఘం సీఐటీయూ ఆఫీసు వైపు పరుగెత్తే నటులు, తలుపు విరగ్గొట్టే చప్పుడు వరకూ మీకు వినబడుతుంది. మిగతావాళ్లు వెనకనుంచి బయటపడేదాకా సఫ్దర్ ముందు నిలిచాడు. వీధిలో దొరికిపోయాడు. తల మీద కొట్టారు. దెబ్బ దెబ్బా వర్ణించడం నా వల్ల కాదు, చెయ్యకూడదు కూడా.

అదే రోజు అదే బస్తీలో రామ్ బహదూర్ అనే కార్మికుణ్ణి కాల్చి చంపారు. అతని పేరు చాలామంది మర్చిపోతారు. నాటకాలు రాయలేదు, ఇంగ్లిషు ఎం.ఏ. చదవలేదు. ‘మషీన్’లో యంత్రం ఆగినప్పుడు బయటికొచ్చిన ముక్కల్లో మొదటిది గుర్తుందా? అతను. ఝండాపూర్ వాళ్లు మాత్రం మర్చిపోలేదు, ఏటా జనవరి 1న ఇద్దర్నీ కలిపే తలుచుకుంటారు.

సఫ్దర్‌ని ఢిల్లీకి తీసుకొచ్చారు. జనవరి 2 రాత్రి రామ్ మనోహర్ లోహియా ఆస్పత్రిలో చనిపోయాడు. ముప్పై నాలుగేళ్లు. కోర్టు పది మందిని దోషులుగా తేల్చేసరికి 2003 నవంబరు వచ్చింది. గిరి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్న పిల్లలకు అప్పటికి పెళ్లిళ్లయ్యి ఉంటాయి.

జనవరి 3. అంతిమయాత్ర. ఢిల్లీ వీధుల్లో వేల మంది. రచయితలు, నటులు, విద్యార్థులు, డ్యూటీ దిగి అలాగే వచ్చేసిన కార్మికులు. మీకు ముందు నడిచేవాళ్ల వీపులు తప్ప ఏమీ కనబడవు. ఎవరో పాట ఎత్తుకుంటారు, గొంతు పూడుకుపోతుంది, పక్కవాళ్లు అందుకుంటారు.

జనవరి 4. మళ్లీ ఝండాపూర్.

ఎందుకు రమ్మన్నారో మీకు తెలుసు, అయినా నమ్మకం కుదరడం లేదు. మనిషి పోయి రెండు రోజులైనా కాలేదు. మన ఇళ్లలో అయితే ఇంకా మైల, పొయ్యి కూడా వెలిగించరు, పక్కింటివాళ్లు అన్నం తెచ్చి పెట్టాలి. ఢిల్లీ నుంచి వచ్చినవాళ్లు దిగుతున్నారు. మొన్న ఖాళీ అయిన సందులన్నీ ఇవాళ నిండిపోయాయి, మేడల మీద జనం, గోడల మీద జనం. మీరు మొన్న నిలబడ్డ చోటే వెతుక్కుని నిలబడ్డారు.

జనంలోంచి మలయశ్రీ వస్తోంది. ఆమెకు దారి ఇవ్వడానికి ఎవరూ చెప్పకుండానే పక్కకు తప్పుకుంటున్నారు. ఏడుస్తోందా అని మీరు చూశారు. అందరూ అదే చూస్తున్నారు. ఆమె మాత్రం నేల వైపు చూసుకుంటోంది, ఎంత చోటు ఉందో కొలుచుకునే నటిలా.

చేతులు చాచి కుర్రాళ్లు జనాన్ని నెమ్మదిగా నెడుతున్నారు.

మీరు ఒకడుగు వెనక్కి వేశారు. మీ ముందున్న పిల్లవాడు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మొన్న ఎక్కడ ఆగిందో అక్కడికి, అదే నేల మీదికి ‘హల్లా బోల్’ వచ్చింది.